నీతిమంతులుగా తీర్చబడినవారి పంక్తి

మనుష్యుడు విశ్వాసమూలముగా దేవుని యెదుట నీతిమంతుడుగా తీర్చబడునను బోధను మనము చిన్ననాటినుండి వినుచున్నాము. సండేస్కూలులో దానిని కంఠస్థము చేసితిమి; బాప్తిస్మమునకు ముందు దానినిగూర్చి జవాబు చెప్పితిమి. అయితే ఈ బోధ మన జీవితములో ఎక్కడ కనబడవలెను? ప్రియులారా, ఈ నెల ఈ ప్రశ్ననుగూర్చి కలిసి ఆలోచింతము.

మొదట ఆ మాటనే చూతము. న్యాయాధిపతి తీర్పు చెప్పును. అప్పుపడినవాడు అప్పు తీర్చును. "తీర్చబడుట" అను మన తెలుగు మాటలో ఈ రెండును వినబడుచున్నవి. పౌలు వ్రాసిన గ్రీకు మాటయు న్యాయస్థానపు మాటయే. ముద్దాయిని నిర్దోషియని ప్రకటించుట దాని భావము. కాబట్టి మనము కొంచెము కొంచెముగా మంచివారమై, చివరకు దేవుని మెప్పు సంపాదించుకొందుమని దాని అర్థము కాదు. క్రీస్తు చేసినదానినిబట్టి దేవుడే మన వ్యాజ్యమును తీర్చివేసెనని అర్థము.

రోమా పత్రిక 4వ అధ్యాయములో పౌలు కూలివాని మాట చెప్పుచున్నాడు. ప్రొద్దుగూకువరకు నాట్లు వేసిన మనిషి చేతిలో పెట్టిన కూలిని ఎవరును దానమనరు. అది అతనికి రావలసిన బాకీ. దేవుని నీతి అట్టి బాకీ కాదు, వరము. దీనికి సాక్షిగా పౌలు అబ్రాహామును పిలుచుచున్నాడు. అబ్రాహాము దేవుని నమ్మగా అది అతనికి నీతిగా ఎంచబడుట ఆదికాండము 15వ అధ్యాయములోనున్నది; సున్నతి 17వ అధ్యాయములోనున్నది. ఇష్మాయేలు పుట్టినప్పుడు అతనికి 86 ఏండ్లు; సున్నతి పొందినప్పుడు 99 ఏండ్లు. అనగా దేవుని తీర్పు ముందు వచ్చెను; శరీరమందలి గురుతు పదమూడేండ్లకు పైగా గడచిన తరువాత వచ్చెను. గురుతునుబట్టి తీర్పు రాలేదు.

ఇక మన ప్రశ్నకు వత్తము. గలతీయులకు వ్రాసిన పత్రికలో పౌలు ఈ బోధను మొదట ఏ సందర్భమున ఎత్తుచున్నాడో గమనించితిమా? అది పండితుల వాదము కాదు, భోజనపు పంక్తిలో పుట్టిన తగవు. అంతియొకయలో పేతురు అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోజనము చేయుచుండెను. యాకోబు యొద్దనుండి కొందరు రాగానే వారికి భయపడి వెనుకతీసి వేరైపోయెను. అతని చూచి తక్కిన యూదులును, తుదకు బర్నబాయు అట్లే చేసిరి.

పేతురు తన విశ్వాసమును మార్చుకొనలేదు. ఆ మరునాడు ప్రసంగింపుమనిన క్రీస్తు ఒక్కడే రక్షకుడని ధైర్యముగా చెప్పియుండును. అతడు మార్చినది తాను కూర్చున్న చోటు మాత్రమే. అయినను పౌలు దానిని చిన్న సంగతిగా విడువలేదు. అది సువార్త సత్యమునకు సరిపడని నడతయని అందరి యెదుట అతని నిలువదీసెను. ఆ వెంటనే, 2వ అధ్యాయము 16వ వచనమున, ధర్మశాస్త్ర క్రియలవలన ఎవడును నీతిమంతుడుగా తీర్చబడడని ఒక్క వచనములోనే మూడు మారులు నొక్కి చెప్పుచున్నాడు.

ఇంత పట్టుదల ఏల? జిల్లా కోర్టు విడుదల చేసిన మనిషిని ఊరి రచ్చబండ యొద్ద నిలువబెట్టి, "నీ సంగతి మేము మరల విచారింతుము" అనిన అది ఎవరిని తృణీకరించుట? ఆ మనిషిని మాత్రము కాదు, తీర్పు చెప్పిన న్యాయాధిపతిని. దేవుడు క్రీస్తునందు అంగీకరించినవానితో మనము పంక్తి తప్పించుకొనినయెడల, క్రీస్తు చాలడు, మంచి పుట్టుకయు కావలెనని చెప్పినట్లే. నోటితో అట్లు చెప్పము. విస్తరి వేరుచేసి చెప్పుదుము.

అయితే క్రియలు లేని విశ్వాసము మృతమని యాకోబు వ్రాయలేదా అని ఎవరైన అడుగవచ్చును. వ్రాసెను. కాని ఆ 2వ అధ్యాయము దేనితో ఆరంభమగుచున్నదో చూడుడి. బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి చోటు, మురికి బట్టల బీదవానికి పాదపీఠము దగ్గర చోటు చూపు సంఘమును యాకోబు అక్కడ గద్దించుచున్నాడు. పౌలును యాకోబును ఒకరికొకరు విరోధులని చాలమంది అనుకొందురు. ఒకడు భోజనములో కూర్చుండు చోటును, ఒకడు సమాజములో కూర్చుండు చోటును పట్టుకొని ఈ సంగతులు బోధించిరి. కలిసి కూర్చుండుటవలన మనము నీతిమంతులము కాము. దేవుడు ఎవరిని నీతిమంతులుగా తీర్చెనని మనము నిజముగా నమ్ముచున్నామో, అది అక్కడ బయటపడును.

ఈ పరీక్ష మన తెలుగు సంఘమునకును వచ్చెను. 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో సేవ ఆరంభించిన కొలది కాలమునకే, మాదిగలు విశ్వసించి సంఘములోనికి వచ్చుచుండగా, పై కులములవారు అభ్యంతరము చెప్పిరి. పాఠశాలలోని వారి పిల్లలు వెళ్లిపోయిరి. పెద్దవారిని నిలుపుకొనవలెనా, బీదలను చేర్చుకొనవలెనా? దొరగారును దొరసానిగారును వేర్వేరు గదులలో బైబిలు తెరువగా, ఇద్దరికిని 1 కొరింథీయులకు 1వ అధ్యాయములోని ఒకే భాగము తగిలినదని చెప్పుకొందురు. లోకము ఎన్నికలేనివారని త్రోసిన వారిని దేవుడు ఏర్పరచుకొనెననియు, ఎవడును ఆయన యెదుట అతిశయపడకూడదనియు అందులోనున్నది. వారు బీదలను త్రోసివేయలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు ఊరి బావి యొద్దకు రానియ్యబడనివారు.

సహోదరులారా, ఒకప్పుడు బావికి దూరముగా నిలువబెట్టబడినవారి పిల్లలము మనలో అనేకులము. అట్టి మనము నేడు ఇంకొక పేటవాని దూరముగా నిలువబెట్టవచ్చునా? ఒకే ఊరిలో, ఒకే ప్రభువు పేరట, రెండు పేటలకు రెండు మందిరములు ఏల? ప్రేమవిందులో కొందరు ముందుగా, కొందరు చివరగా కూర్చుండుట ఏల? సంబంధము కలుపుకొనునప్పుడు విశ్వాసమునుగూర్చి ఒక్క మాటయు అడుగక, తాతల పేరులు మాత్రము అడుగుట ఏల?

పదునారవ శతాబ్దమున సంఘము చీలినప్పుడు వాదమునకు నడుమనున్నది ఈ బోధయే. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గు పట్టణమున లూథరను ప్రపంచ సమాఖ్యవారును రోమను కథోలిక సంఘమువారును దీనినిగూర్చిన ఉమ్మడి ప్రకటనపై చేవ్రాలు చేసిరి. అది సంతోషకరమే. అయినను ఆ రెండు సంఘములును ఇంకను ఒకే ప్రభు బల్లలో నియమప్రకారము పాలుపొందుట లేదు. కాగితముమీద కలియుటకంటె బల్లయొద్ద కలియుట కష్టమని దీనివలన తెలియుచున్నది.

మరియొక మాట. కొందరు ఇతరులను త్రోయరు గాని తామే వెనుకకు పోవుదురు. "మేము చదువులేనివారము, అప్పులలోనున్నవారము, నిన్నటి దినము మాట జారినవారము, బల్లకు ఎట్లు వత్తుము?" అని ద్వారము దగ్గరనే కూర్చుందురు. పాపమునుగూర్చి దుఃఖించుట మంచిదే. అయితే న్యాయాధిపతి విడుదల చేసిన తరువాత సంకెళ్లను చేతులారా తొడుగుకొనుట వినయము కాదు. అమ్మా, అయ్యా, మీ వ్యాజ్యము తీరినది. ముందుకు రండి.

వచ్చు సంస్కారపు ఆదివారమున మందిరమునకు వెళ్లునప్పుడు, ఎవరి ప్రక్కన మనము ఎన్నడును కూర్చుండలేదో మనస్సులో చూచుకొందము. వెళ్లి ఆ ప్రక్కనే కూర్చుందము. అదే రొట్టె వారికిని, అదే పాత్ర మనకును. ఏ మనిషికిని అక్కడ అతిశయము లేదు; ఏ మనిషికిని అక్కడ సిగ్గు లేదు.