వంగే చోటే పగులుతుంది



ధ్యానభాగం: యెషయా 21:5

ఈ వచనంలో ప్రవక్త భోజనానికి కూర్చున్న అధిపతులను లేపి, డాళ్ళకు నూనె పట్టించమంటున్నాడు. డాలుకు నూనె ఎందుకు అనిపించవచ్చు. ఆ కాలపు డాళ్ళను తోలుతో కప్పేవారు. నూనె తగలని తోలు ఎండి చిట్లిపోతుంది. శత్రువు గుమ్మంలోకి వచ్చాక బల్ల దగ్గర నుండి లేచి నూనె వెతుక్కోవడం ఎంత ఆలస్యమో ఆలోచించండి.

డాళ్ళు మన ఇళ్ళలో లేవు. కానీ ఇంగ్లండ్ చలి మొదలవగానే తోలు జాకెట్లు మాత్రం బయటికి వస్తాయి. ఆ జాకెట్ దగ్గరే ఈ వచనాన్ని ధ్యానిద్దాం.

మొదటిది, పదును. పచ్చి తోలు రెండు రోజులు వదిలేస్తే కుళ్ళిపోతుంది. మన ఊళ్ళలో దాన్ని సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, తంగేడు పట్టతో, కరక్కాయతో పదును చేసేవారు. ఈనాడు ఎక్కువగా క్రోమియం లవణాలు వాడుతున్నారు. ఏది వాడినా, పదునైన తోలు ఇక పచ్చి తోలు కాదు. దాని స్వభావమే మారిపోయింది. మన మారుమనస్సు కూడా అలాంటిదే. నశించవలసిన మనలను ప్రభువు నశించనివారిగా చేశాడు. అది ఆయన చేసిన పని. మళ్ళీ మళ్ళీ చేయవలసింది కాదు.

రెండవది, నూనె. పదును చేస్తే తోలు కుళ్ళదు గానీ, మెత్తగా ఉండిపోదు. పదును చేసిన తరువాత తోలుకు ప్రత్యేకంగా నూనె పట్టిస్తారు. అది లోపలి నారపోగుల మధ్య చేరి, అవి ఒకదానికొకటి అతుక్కోకుండా జారేలా చేస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ, హీటింగ్ వేసిన గదుల పొడి గాలికి ఆ నూనె తగ్గిపోతుంది. పైకి జాకెట్ నిగనిగలాడుతూనే ఉంటుంది. ఒకరోజు మోచేయి దగ్గర సన్నని గీత కనిపిస్తుంది. పగులు పడ్డాక నూనె రాసినా ఆ చోటు మళ్ళీ కలవదు. రంగు వేసి కప్పగలం, అంతే.

అందుకే ఏడాదికి ఒకటి రెండుసార్లు, తోలు కోసం చేసిన కండిషనర్‌ను మెత్తని గుడ్డతో కొద్దిగా రాయాలి. ముందు లోపలివైపు కనబడని చోట పరీక్షించాలి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె రాయకండి, మరకలు పడతాయి, కొన్నాళ్ళకు వాసన వస్తుంది. స్వేడ్ రకానికి ఈ పద్ధతి పనికిరాదు. వానలో తడిస్తే రేడియేటర్ మీద వేయకండి. ఆ వేడికి తోలు ముడుచుకుని బిగుసుకుపోతుంది. వెడల్పాటి హ్యాంగర్‌కు తగిలించి, గదిలోనే నెమ్మదిగా ఆరనివ్వాలి.

మూడవది, గాలి. జాగ్రత్త అనుకుని ప్లాస్టిక్ కవరులో మూసి పెడితే లోపలి తేమకు బూజు పడుతుంది. నూలు గుడ్డతో కప్పితే చాలు. ఎవరికీ కనబడకుండా, ఎవరితో కలవకుండా కాపాడుకునే విశ్వాసం కూడా ఇంతే. కూడిక మానేసినవారి భక్తి క్షేమంగా ఉన్నట్టే ఉంటుంది, బూజు లోపల పడుతుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న. జాకెట్ వీపు మీద ఎందుకు పగలదు? మోచేయి దగ్గర, మెడపట్టీ దగ్గర ఎందుకు పగులుతుంది? అవి వంగే చోట్లు కనుక. ఎండిన తోలుకు నిలువుగా వేలాడడం కష్టం కాదు, వంగడమే కష్టం.

ప్రియులారా, పాటల్లో, ప్రార్థనల్లో మనకు పగుళ్ళు కనిపించవు. పక్కవాని ముందు వంగవలసి వచ్చినప్పుడు కనిపిస్తాయి. కొత్త కుటుంబం సంఘానికి వస్తే మనం ప్రేమగా పలకరిస్తాం. రెండో మాటకే ఏ ఊరు, ఇంటిపేరేమిటి అంటాం. ఎందుకు అడుగుతున్నామో మనకు తెలుసు, వారికీ తెలుసు. సముద్రం దాటి వచ్చినా కులం మన వెంట వచ్చింది. బాప్తిస్మం పొందిన సంఘం ఇక్కడే చిట్లుతోంది.

మనం గొప్పగా వేసుకునే ఈ తోలు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో గుర్తుచేసుకోండి. తోలు పని చేసినవారిని మన ఊళ్ళు ఊరి బయట ఉంచాయి. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం పొంది, ఊరూరా సువార్త చెప్పిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసినవాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది ఆయన కులంవారే. పేతురు యొప్పేలో ఎవరి ఇంట బస చేశాడు? చర్మకారుడైన సీమోను ఇంట. చచ్చిన జంతువును ముట్టడమే అపవిత్రమని ఎరిగిన పేతురుకు, దేవుడు పవిత్రపరచినదాన్ని నిషిద్ధమనకూడదనే దర్శనం ఆ మిద్దె మీదనే వచ్చింది (అపొస్తలుల కార్యములు 10). అక్కడ పేతురు వంగాడు గనుకనే కొర్నేలీ ఇంటి తలుపు తెరుచుకుంది.

వంగడానికి నూనె కావాలి. అది పరిశుద్ధాత్మ దేవుడు ఇచ్చేది. అనుదిన వాక్యంలో, ప్రార్థనలో, సహవాసంలో కొద్దికొద్దిగా మనలోకి ఇంకేది. ఏడాదికొకసారి ఉజ్జీవకూటాల్లో గుమ్మరించుకుని మిగతా రోజులు ఎండిపోతే చాలదు.

ఈ వారం జాకెట్ తీసినప్పుడు మోచేతుల దగ్గర చూడండి. అలాగే మీ హృదయం ఎవరి దగ్గర వంగడం లేదో చూసుకోండి. వచ్చే ఆదివారం ఆ వ్యక్తి పక్కన కూర్చోండి. ఇంటిపేరు అడగకండి. ఇంటికి భోజనానికి పిలవండి.

ప్రభువా, మమ్మును నీవే మార్చావు. మేము ఎండిపోకముందే నీ ఆత్మతో మమ్మును మెత్తపరచు. మా సహోదరుని యెదుట వంగే కృప మాకు దయచేయుము. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.