గమ్మునుండడం శీలమేనా?

 

ఉపాసకులారా, ఉపాసికలారా, ఈ చిన్న పుస్తకంలో ఒక్క ప్రశ్ననే తీసుకుంటున్నాం. పనికి పోయిన చోట ఎవరి ప్రాణానికైనా ముప్పు తెచ్చే లోపం కంటబడితే చెప్పాలా, మన పని మనం చూసుకుని వచ్చేయాలా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పక్క బేల్దారి, వైరింగు, ప్లంబింగు, సెంట్రింగు, వెల్డింగు పనులతో బతికే ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లల్లో పిల్లోడు మొదటిసారి పనికి పోయేటప్పుడు పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటే: "ఆడ గమ్మునుండు." చూసింది చెప్పొద్దు, ఓనరుతో వాదం పెట్టుకోవద్దు, కూలి తీసుకుని ఇంటికి రా. మా నాయన నాకు అదే చెప్పినాడు. ఆయనకు వాళ్ల నాయన చెప్పింటాడు. వాళ్ల కాలంలో పొలంలో నోరు తెరిస్తే దెబ్బలు పడేవి. దెబ్బల భయం కొంత తగ్గింది గానీ ఆ మాట మాత్రం అట్లే మిగిలింది. ఇప్పుడు దాన్ని మంచితనం అంటున్నాం. "ఆ పిల్లోడు మంచోడు, నోరెత్తడు" అని మేస్త్రీలు మెచ్చుకుంటారు కూడా.

నా సంగతే చెబుతాను. ఇరవై రెండేళ్లుగా వైరింగు పని నాది. ఏడేళ్ల కింద ఊరి బయట ఒక షెడ్డులో ప్యానెల్ బోర్డు రిపేరుకు పిలిచినారు. పని చిన్నదే, రెండు గంటల్లో అయిపోయింది. పోతూపోతూ టెస్టరు ఒక మిషను బాడీకి తగిలిస్తే లైటు వెలిగింది. చూస్తే ఎర్తింగు వైరు తెగి వేలాడుతోంది. కరెంటు లీకయితే పడిపోవాల్సిన ఈఎల్‌సీబీ ఊరికే పడిపోతోందని, నాకన్నా ముందు వచ్చినోడెవరో దాన్ని బైపాస్ చేసి డైరెక్టు ఇచ్చినాడు. అంటే రోగం చెప్పే నోరే మూసేసినారు. సూపర్‌వైజరు తొందరలో ఉన్నాడు. నాకు రావాల్సింది 1,800 రూపాయలు. అంతకు ముందు నెలలో ఇంకొక చోట ఇట్లాంటిదే చెబితే మళ్లీ పనికి పిలవలేదు. ఆ డబ్బు తీసుకుని, టెస్టరు జేబులో పెట్టుకుని వచ్చేసినాను.

ఆ మిషను తిప్పే ఆపరేటరు బూట్లు వేసుకుని పొడి నేల మీద నిలబడేవాడు. ఆయనకేమీ కాలేదు. షిఫ్టు అయిపోయినాక నీళ్లు పోసి నేల కడిగే ఆయమ్మ చెప్పుల్లేకుండా వచ్చి, తడి చేత్తో దాన్ని పట్టుకుంది. బతికింది. రెండు వేళ్లు కాలిపోయినాయి, పడినప్పుడు భుజం విరిగింది, ఆ తర్వాత పనికి పోలేదు. ఈ సంగతి చెప్పినప్పుడు "ఆయమ్మ మనోళ్లా?" అని అడిగినవాళ్లు మనలోనే ఉన్నారు. దీక్ష తీసుకున్నాక కూడా మన నోట్లోకి ఆ ప్రశ్న మొదట వస్తుందంటే మనం ఇంకా నేర్చుకోవాల్సింది చాలానే ఉంది.

నేను మొదటి శీలం తప్పినానా? లెక్క ప్రకారం చూస్తే తప్పలేదు. ప్రాణాతిపాతం కావాలంటే ఐదు ఉండాలని అట్ఠకథలు చెబుతాయి. ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని తెలియాలి, చంపాలనే చేతన ఉండాలి, అందుకు ప్రయత్నం చేయాలి, దానివల్ల ప్రాణం పోవాలి. నాకు చంపాలనే చేతన లేదు, ఆయమ్మ చావలేదు. ఈ లెక్క విని ఊరట పొందవచ్చు. నాకు రాలేదు. బాబాసాహెబ్ తన చివరి గ్రంథం 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ'లో చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. ఒంటరిగా ఉన్న మనిషికి ధమ్మంతో పనిలేదు, మనిషికీ మనిషికీ మధ్య సంబంధం ఉన్నచోటే దానితో అవసరం అని ఆయన భావం. ఆ షెడ్డులో నాకూ ఆయమ్మకూ సంబంధం ఉందా? ఒకరినొకరం చూడను కూడా లేదు. కానీ నేను చూసిన లోపాన్నే ఆయమ్మ తాకింది. తెలిసింది నాకు, కాలింది ఆయమ్మకు. ఇంతకు మించిన సంబంధం ఏం కావాలి?

కులం పనులను పంచడంతో ఆగలేదు, పని చేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడగొట్టిందని బాబాసాహెబ్ 1936లోనే వివరించారు. పని స్థలానికి పోయి చూడండి, ఆ మెట్లు కళ్లకు కనిపిస్తాయి. పైన ఇంజనీరు, కింద కాంట్రాక్టరు, మేస్త్రీ, వైర్‌మెను, హెల్పరు, అందరికన్నా కింద ఊడ్చే మనిషి. లోపం గురించిన తెలివి పై మెట్ల దగ్గర ఆగిపోతుంది, ప్రమాదం మాత్రం కిందికి దిగుతూ పోతుంది. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించకూడదని 2013 చట్టం ఉంది. అట్లా చనిపోయినవాళ్ల కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటికీ దిగేది ఎవరో మీకు తెలుసు. ఆ ట్యాంకు పక్కనే పైపు బిగిస్తూ నిలబడిన ప్లంబరుకు లోపల గ్యాసు ఉంటుందని తెలుసు.

"నీకేమన్నా, మాటలు చెబుతావు, చెప్పినోడి పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" అని ఒక బేల్దారి తమ్ముడు నన్ను అడిగినాడు. ఈ మాటను తీసిపారేయకూడదు. రెండు రోజులు పని లేకపోతే ఇంట్లో బియ్యం అయిపోయే మనిషినీ, నెల జీతం వచ్చే ఇంజనీరునూ ఒకే త్రాసులో పెట్టి, ఇద్దరికీ ఒకే బాధ్యత అంటే అది ధమ్మం కాదు. ఎవరి చేతిలో ఎంత బలం ఉందో వాళ్ల మీద అంత భారం. కానీ నా విషయంలో నేను చాలా రోజులకు గమనించింది ఒకటుంది. చెప్పడం అంటే ఓనరుకు చెప్పడమే అనుకున్నాను. అందుకే భయపడినాను. ఆ సాయంత్రం బయటికి వస్తూ గేటు దగ్గర చీపుర్లు, బకెట్లు పెట్టిన మూల దాటినాను. ఆడ నిలబడి, "అక్కా, ఆ మూల మిషను తడి చేత్తో ముట్టొద్దు, షాక్ కొడతాది" అని ఒక్క మాట అనుంటే నా 1,800 ఎక్కడికీ పోయేవి కావు. నేను కాపాడుకున్నది నా కూలిని అనుకున్నాను. నిజానికి నాది ఉత్త అలవాటు.

కాబట్టి ఎంత పేదవాడికైనా కొంత తప్పదు. బైపాస్ చెయ్యమంటే మన చేత్తో చెయ్యకూడదు, అది సమ్యక్ ఆజీవం సంగతి. ముప్పు ఎవరికో వాళ్ల చెవిన వెయ్యాలి. ఆపైన, వీలున్నవాళ్లు సూపర్‌వైజరుకు చెప్పాలి, బిల్లు మీదనే "ఎర్తింగు లేదు, ఈఎల్‌సీబీ బైపాస్ ఉంది" అని రాసివ్వాలి. రాసిన కాగితాన్ని కాదనడం కష్టం.

సిగాలోవాద సుత్తంలో పనివాళ్లు యజమాని గురించి మంచిగా చెప్పాలని ఉంది కదా, లోపం ఎత్తిచూపితే అది తప్పు కాదా అని కొందరు అడుగుతారు. అదే సుత్తంలో యజమాని చెయ్యాల్సినవి కూడా ఐదున్నాయి. వాటిలో మొదటిది, మనిషి బలానికి తగిన పనే ఇవ్వాలని. జబ్బు చేస్తే చూసుకోవాలని కూడా ఉంది. కరెంటు పారే ఇనుమును కడగడం ఏ మనిషి బలానికి తగిన పని? అతను తన ఐదూ మరిచిపోతే మనకు మన ఐదో దాన్ని మాత్రం గుర్తుచేయడం అన్యాయం.

ఇక సమ్యక్ వాక్కు. నొప్పించే మాట మాట్లాడకూడదు అని మాత్రమే మనం దాన్ని గుర్తుపెట్టుకున్నాం. మజ్ఝిమ నికాయంలోని అభయ రాజకుమార సుత్తం వేరే చెబుతుంది. రాజకుమారుడు ఒళ్లో పసిబిడ్డను పెట్టుకుని కూర్చున్నాడు. ఎదుటివాళ్లకు రుచించని మాట తథాగతుడు పలుకుతాడా అని అడిగినాడు. బుద్ధుడు ఎదురు ప్రశ్న వేసినాడు. ఈ బిడ్డ నోట్లో పుల్లో రాయో పెట్టుకుంటే ఏం చేస్తావు? తల పట్టుకుని, వేలు పెట్టి, రక్తం వచ్చినా సరే తీసేస్తానన్నాడు రాజకుమారుడు, బిడ్డ మీద ఉన్న దయ వల్ల. నిజమై, మేలు చేసేదైన మాట ఎదుటివాళ్లకు నచ్చకపోయినా, ఎప్పుడు చెప్పాలో తెలిసి తథాగతుడు చెబుతాడు. "సమయం చూసి" అనే ముక్కను పట్టుకుని మనం ఏళ్ల తరబడి నోరు మూసుకుంటాం. బిడ్డ గొంతులో రాయి ఉన్నప్పుడు ముహూర్తం ఎవరు చూస్తారు?

అయితే చెప్పినా వినకపోతే? ఇదే అసలు కష్టం. సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో 2025 జూన్ 30న సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. యంత్రాలు పాతవైపోయాయని, ప్రమాదమని ముందే చెప్పినా యాజమాన్యం పట్టించుకోలేదని చనిపోయిన ఒక కార్మికుడి కొడుకు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చినట్టు పత్రికల్లో వచ్చింది. భోపాల్లోనూ అంతే. 1984 డిసెంబర్‌లో విషవాయువు ఊరిని కమ్మడానికి రెండేళ్ల ముందే అక్కడి కార్మిక సంఘం ప్రమాదం ఉందని పోస్టర్లు అంటించింది. అన్ని వేల ప్రాణాలు పోయినాక, 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41హెచ్ సెక్షన్ చేర్చారు. ప్రమాదకరమైన పని జరిగే ఫ్యాక్టరీలో ప్రాణభయం ఉందని తోస్తే కార్మికులు యజమానికి చెప్పి, ఇన్‌స్పెక్టరుకు కూడా అప్పుడే తెలియజేయవచ్చని అది చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త భద్రతా కోడ్ కూడా ఇట్లాంటి హక్కునే ఇస్తుంది. సాధారణంగా పదిమందికి తక్కువ పనిచేసే చోట్లకు అది వర్తించదు. ఒక్కరోజు పనికి పోయే మనబోటి వైర్‌మెనుకు ఆ కాగితం ఎంత అండ, మీరే ఆలోచించండి.

చెప్పేవాడి ధైర్యం గురించే మనం ఎప్పుడూ మాట్లాడతాం. బుద్ధుడు వినేవాడి మీద భారం పెట్టినాడు. వర్షావాసం ముగిసే పౌర్ణమినాడు భిక్షువులు పవారణ చేస్తారు. ప్రతి భిక్షువూ సంఘం ముందు కూర్చుని, నాలో తప్పేదైనా చూసినా, విన్నా, అనుమానించినా దయతో చెప్పండి అని తానే అడుగుతాడు. సావత్థిలో ఒక పవారణనాడు బుద్ధుడే, నా చేతల్లో గానీ మాటల్లో గానీ మీరు తప్పుపట్టేది ఏమైనా ఉందా అని భిక్షువులను అడిగినట్టు సంయుత్త నికాయం చెబుతుంది. "అనుమానించినా" అనే మాట చూడండి. రుజువు తెమ్మనలేదు. టెస్టరు వెలిగిందా లేదా అని తర్వాత చూసుకుందాం, నీకు అనుమానం వస్తే చాలు, చెప్పు. ఇదీ పద్ధతి. ఏ సైటులోనైనా కాంట్రాక్టరు నెలకోసారి ఇట్లా అడిగి, చెప్పినోడి పని తీసేయకుండా ఉంటే, నాలాంటి పిరికివాడు కూడా నోరు విప్పుతాడు.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూసినప్పుడు, 1943 డిసెంబర్‌లో బొగ్గు గనుల ప్రాంతానికి పోయి, తానే గనిలోకి దిగి చూసినారు. కార్మికులు ఢిల్లీకి అర్జీ పెట్టుకునేదాకా ఆగలేదు.

మన పక్క ఏం జరుగుతుంది? దసరాకు ముందురోజు ప్రతి షెడ్డులో ఆయుధపూజ. ప్యానెల్ బోర్డుకు పసుపు, కుంకుమ, మిషనుకు పూలదండ, వాకిట్లో గుమ్మడికాయ. తెగిన ఎర్తింగు వైరు మీద కూడా బొట్టు పెట్టడం నేను చూసినాను. మరుసటి రోజు మనకు అశోక విజయదశమి, ఆ తర్వాత ఐదు రోజులకు పవారణ పౌర్ణమి. పూజకు ఇచ్చే అరపూటలో ఒక గంట పక్కనపెట్టి, ఊడ్చే ఆయమ్మతో సహా అందరినీ కూర్చోబెట్టి "ఏడ భయంగా ఉంది?" అని అడిగితే గుమ్మడికాయ ఖర్చు కూడా మిగులుతుంది.

ఇదంతా ఓనర్లకు చెబుతున్నాననుకుంటారేమో. ఇప్పుడు నా కింద ఇద్దరు పిల్లోళ్లు పనిచేస్తున్నారు. పోయిన చలికాలంలో లేపాక్షి రోడ్డులో ఒక ఇంటి పైకప్పు పనిలో ఉండగా చిన్నోడు "అన్నా, నిచ్చెన మూడో మెట్టు ఊగుతా ఉంది" అన్నాడు. నేను హోల్డరు బిగిస్తా ఉన్నాను, పని ఆగిపోతుందని చిరాకు వచ్చింది. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట "గమ్మునుండురా". వాడు గమ్మునున్నాడు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు వాడి పక్కన కూర్చుని, ఇంకేమైనా ఉన్నాయా చెప్పు అని అడిగినాను. వాడు చాలాసేపు నా ముఖం చూసి, డ్రిల్లు మిషను వైరు కూడా ఒకచోట ఒలిచిపోయిందన్నాడు. వైరుకు ఆ పూటే టేపు చుట్టి మరునాడు కొత్తది వేసినాను. నిచ్చెన మార్చడానికి మాత్రం మూడు రోజులు పట్టింది.