బయానా ఇచ్చే ముందు

బిడ్డా, కరీంనగర్‌ల రాజీవ్ రహదారి మీద బిట్టు చూసినవట, కింద నాలుగు మడిగెలు, పైన హాలు లేపుతనంటున్నవట. మీ నాయిన చెప్పిండు. మంచిదే. బయానా మాత్రం ఇప్పుడే ఇయ్యకు.

బ్రోకర్ చెప్పేది బండ్ల లెక్క. హైదరాబాద్ నుంచి రామగుండం దాకా పోయే రోడ్డు, రాత్రింబవళ్లు బండ్లే బండ్లు అంటడు. అబద్ధం కాదు. కాని రామగుండం పోయే లారీ నీ మడిగె ముందు ఎందుకు ఆగుతది? ఎదురుంగ చాయ్ హోటల్ల కూసొని ఆగే బండ్లను లెక్కపెట్టు. పనిదినం పొద్దుగాల ఒకసారి, ఆదివారం పొద్దుమీకినంక ఒకసారి, పెద్దవాన పడ్డంక ఒకసారి. డివైడర్‌కు సందు ఎక్కడున్నదో చూడు. యూటర్న్ దూరమైతే అవతలి దిక్కు గిరాకి నీది కాదు. ఊళ్లెకొచ్చే దిక్కు పొద్దున టిఫిన్ సెంటర్ నడుస్తది. కిరాణం, పండ్లు, మందుల దుకాణం ఊరి నుంచి బయటికి పోయే దిక్కున నడుస్తయి. మాపటికి ఇంటికి పోయేటోడు ఎడమ పక్కనే బండి ఆపుతడు.

జనమంత గిరాకి కాదు. 2023 జూన్‌ల మానేరు మీద తీగల వంతెన తెరిచినంక ఫొటోలకు జనం ఎగబడ్డరు. ఫొటో దిగేటోడు ఐస్‌క్రీం కొంటడు, టైల్స్ కొనడు.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. 2016 దసరా నాడు పాత జిల్లా ముక్కలైంది. అంతకుముందు మంథనోళ్లు, కోరుట్లోళ్లు, సిరిసిల్లోళ్లు కలెక్టరాఫీసు పనికొచ్చి, అట్లనే టవర్ సర్కిల్‌ల బట్టలు కొనుక్కొని పోయేది. ఇప్పుడు పెద్దపల్లికి, జగిత్యాలకు, సిరిసిల్లకు ఎవరి కలెక్టరేట్ వాళ్లకున్నది. బ్రోకర్ ఇంకా ఉమ్మడి జిల్లా లెక్కనే చెప్తడు. దవాఖాన్లకు మాత్రం ఇప్పటికీ ఆ ఊర్ల జనం ఇక్కడికే వస్తరు. వాళ్లను నమ్ముకొని మడిగె కడితే నాకు అభ్యంతరం లేదు.

ఆదిలాబాద్‌ల కూడ చూస్తనన్నవు. అక్కడ నాగపూర్ రోడ్డు ఒకప్పుడు ఊరి నడుమ నుంచే పోయేది. ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి ఊరిని తప్పించి పోతది. పాత రోడ్డు మీద ఊరోళ్ల గిరాకే మిగిలింది. అదీ పత్తి పైసలు చేతికొచ్చే నెలల్ల ఒక తీరు, వానాకాలం ఇంకో తీరు. పత్తి అమ్మకాలప్పటి సందడి చూసి పన్నెండు నెలల కిరాయి రాసుకోకు.

ధర సంగతి. గజం ఎంతని అడుగుడు ఆపి, పక్క మడిగెలకు కిరాయి ఎంతొస్తున్నదో, ఎన్ని నెలల నుంచి ఖాళీగ ఉన్నయో అడుగు. జాగకు, కట్టుడుకు కోటి పెట్టి నెలకు 25 వేలు వస్తే ఏడాదికి 3 లక్షలు, అంటే నూటికి మూడు. బ్యాంకుల ఏసినా అంతకంటె ఎక్కువే వస్తది.

30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు, 200 గజాలు అన్నరట. మాస్టర్ ప్లాన్‌ల ఆ రోడ్డు వెడల్పు ఎంతున్నదో మున్సిపల్ కార్పొరేషన్‌ల కనుక్కో. ముందట 10 అడుగులు రోడ్డుకు పోతే 33 గజాలు పోయినట్టే, సెట్‌బ్యాక్ లెక్క ఆ వెనకనుంచి మొదలైతది. చెరువు దగ్గరుంటే ఇంకా జాగ్రత్త. 2012 నాటి 168 నంబరు జీవో ప్రకారం 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్ల దాకా, చిన్న చెరువైతే 9 మీటర్ల దాకా కట్టొద్దు. శిఖం భూమి ఎండకాలం మైదానం లెక్కనే కనిపిస్తది, అందుకే వానాకాలం పొమ్మంటున్న.

ఈసీ, లింకు డాక్యుమెంట్లు, నాలా కాయితం, నిషేధిత జాబితాల సర్వే నంబరు ఉన్నదా లేదా, ఇవన్నీ మనకు తెలిసిన వకీలుకు చూపియ్యి, అమ్మేటోని వకీలుకు కాదు. వాస్తు మీ అమ్మ ఎట్లాగూ చూస్తది.

ఆదివారం సర్వేయర్‌ను పిలిపించు, నేనూ వస్త. టేపు పట్టి కొలిస్తే ముఖం 28 అడుగులే తేలిందనుకో, మొత్తం బేరం మళ్ల మొదటినుంచి మాట్లాడుదం.