వెనకవాళ్ళ దీపం

మా చిన్నవాడి కారుకి తోక మొలిచింది.

మొలవడమంటే దానంతటది మొలవలేదు లెండి. ఓ ఆదివారం పొద్దున్నే ఇడ్లీలు కూడా ముట్టకుండా ఆటోనగర్ వెళ్ళినవాడు, మధ్యాహ్నం రెండింటికి ఎండకి మాడిపోయి, మొహం మాత్రం పెళ్ళికొడుకులా వెలిగించుకుని తిరిగొచ్చాడు. "అమ్మా, ఒక్కసారి బయటికి రావూ!" అన్నాడు. చేతిలో గరిటె చేతిలోనే ఉంది, వెళ్ళాను. కారు వెనకవైపు, అద్దానికి పైన, కప్పు అంచున, కారు వెడల్పంతా ఆక్రమించుకుని, జానెడు వెనక్కి పొడుచుకొచ్చి, నల్లగా నిగనిగలాడుతూ ఏదో ఉంది.

"ఏమిట్రా ఇది? వానజల్లు కొట్టకుండా సజ్జానా?" అన్నాను.

"సజ్జా కాదమ్మా, స్పాయిలర్."

స్పాయిల్ అంటే పాడుచేయడం అని చిన్నప్పుడు మా ఇంగ్లీషు మాస్టారు చెప్పినట్టు జ్ఞాపకం. ఉన్న వస్తువుని నాలుగున్నరవేలు పోసి మరీ పాడుచేయించుకొచ్చాడా వీడు అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే బాగుండేది. పైకే అన్నాను. పక్కింటి పిన్నిగారు గోడమీంచి తొంగిచూసి, "తడిబట్టలు ఆరేసుకోవడానికి బాగా పనికొస్తుందోయ్" అంది. మావారు పేపరు దించి నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. వాడు మాత్రం జేబురుమాలు తీసి, ఆ నల్లటి వస్తువు మీద పడ్డ దుమ్ము తుడుచుకుంటూ నుంచున్నాడు.

సాయంత్రం మా తమ్ముడు వచ్చాడు. వాడు ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతాడు. అడిగితే చాలు, మంచినీళ్ళు తాగడం మానేసైనా వివరిస్తాడు. స్పాయిలర్ పాడుచేసేది కారుని కాదట, గాలి పరుగుని. కారు బాగా వేగంగా పోతున్నప్పుడు పైనుంచి జారే గాలి వెనకభాగాన్ని కాస్త పైకి లేపుతుంది. అప్పుడు చక్రాలకి నేలమీద పట్టు తగ్గుతుంది. ఆ గాలిని చెడగొట్టడానికి వెనక ఒక అడ్డు పెడతారు. 1961లో ఫెరారీ వారి 246 ఎస్.పి. అనే పందెం కారుకి రిచీ జింతర్ అనే అమెరికన్ డ్రైవరు ఆలోచన మీద అలాంటిది పెట్టారు. 1972లో పోర్షే వారు ఒక కారుకి పెట్టినదాన్ని లోకమంతా బాతుతోక అని ముద్దుగా పిలుచుకుంది. అంటే నేను తోక అనడం మరీ అన్యాయమేమీ కాదన్నమాట!

"మరి మనవాడి బండి పందెం కారు కాదుగా?" అన్నాను.

"కాదు. ఇలాంటి ఎత్తుబండ్ల వెనకభాగం బీరువాలా నిటారుగా ఉంటుందక్కా. కప్పు అంచుదాకా వచ్చిన గాలి అక్కడ తెగిపోయి సుడులు తిరుగుతుంది. వెనకద్దం మీద అంత దుమ్ము పట్టేది అందుకే. కంపెనీవాళ్ళు గాలిగదుల్లో పరీక్షించి పెట్టిన స్పాయిలర్ అయితే కప్పుని కొంచెం పొడిగించినట్టయి, ఆ లాగుడు కాస్త తగ్గుతుంది. బయట దుకాణంలో కొని మరలు బిగించిన దాన్ని ఎవరు పరీక్షించారు? పైగా గాలి బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. గంటకి 160 కిలోమీటర్ల దగ్గర ఉన్న బలంలో, 40 దగ్గర ఉండేది పదహారో వంతే."

పదహారో వంతు అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా అమ్మావాళ్ళ కాలంలో రూపాయికి పదహారణాలు. ఆ రాత్రి భోజనాల దగ్గర పప్పు వడ్డిస్తూ అన్నాను: "బెంజ్ సర్కిల్లో నువ్వు పోయేది నలభైలో. రూపాయి వస్తువు కొని అణా పని చేయించుకుంటున్నావురా నాన్నా!" మళ్ళీ అందరూ నవ్వారు.

వాడు కంచంలో చెయ్యి ఆపాడు. కోపంగా అనలేదు, మెల్లిగా అన్నాడు. "అమ్మా, ఆ కారు బ్యాంకుది. ఇంకా నలభై నెలలు కట్టాలి. సెకండ్ హ్యాండు కాబట్టి రంగు నేను ఎంచుకున్నది కాదు, మొదటాయన ఇష్టం. సీట్ల కవర్లు నాన్న కొనమన్నవి. ముందు వేలాడే నిమ్మకాయలు నువ్వు కట్టినవి. మొత్తం బండిలో నేను ఇష్టపడి, నా డబ్బు రొక్కం ఇచ్చి పెట్టుకున్నది ఆ ఒక్కటే."

ఇంక ఎవరూ నవ్వలేదు. మజ్జిగ పోసుకుని లేచిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిద్ర పట్టని ఆడవాళ్ళు చేసే పనే నేనూ చేశాను. నాలో నేనే వాదించుకున్నాను. ఉపయోగం లేనిది పెట్టుకోవడం తప్పా? అయితే ముందు తప్పుపట్టవలసింది నన్నే. పెళ్ళిలో నా జడకి వేసిన కుచ్చులు ఏం ఉపయోగపడ్డాయి, మెడ నొప్పి పుట్టడం తప్ప? పట్టుచీరకి బెత్తెడంచు చాలదా? మూరెడంచు లేకపోతే దుకాణంవాడితో నేనెందుకు పేచీ పెట్టాను? పొద్దున్నే వాకిట్లో ముగ్గేస్తాను. పాలవాడి సైకిలు దాని మీంచే పోతుంది. అయినా మర్నాడు మళ్ళీ వేస్తాను.

ఆ ఆటోనగర్లోనే లారీలకి బాడీలు కడతారు. చూశారా ఎప్పుడైనా? ఎక్కేవి సిమెంటు బస్తాలో మిరప బస్తాలో. కానీ ఆ చెక్కల మీద తామరపూలు, నెమళ్ళు, హంసలు! ఇల్లు వదిలి నెలల తరబడి రోడ్డు మీద తిరిగే మనిషి, తను నడిపే ఇనప సామానుని ఆ కాస్త రంగుతో తనదనుకుంటాడు. ఉపయోగం ఒక్కటే లెక్కయితే మనిషికి గోనెసంచి చాలు, చీరెందుకు?

అయితే నాలోని రెండో లాయరు ఊరుకోలేదు. ముగ్గు నేను ముగ్గునే అంటుంది, ఇంకేదో అని చెప్పుకోదు. స్పాయిలర్ అలా కాదే, నేను పందెం కారుని అంటుంది. చెయ్యని పనిని చేస్తున్నట్టు కనబడడం అబద్ధం కాదా?

దీనికి జవాబు దొరకడానికి చాలాసేపు పట్టింది. ఎవడో పోలీసు చొక్కా తొడుక్కుని సంతలో మామూళ్ళు వసూలు చేస్తే అది అబద్ధం. ఎదుటివాడు ఆ చొక్కాని నమ్మి డబ్బు పోగొట్టుకున్నాడు కనక. అదే చొక్కా బళ్ళో ఫ్యాన్సీ డ్రెస్సు పోటీకి పిల్లాడు తొడుక్కుంటే ముద్దుపెట్టుకుంటాం. బట్ట ఒకటే. ఎవరైనా నష్టపోయారా అన్నదే తేడా. మావాడి తోకని చూసి ఎవరు మోసపోయారు? ఎవరి జేబు చిరిగింది? ఎవరిదీ కాదు. అయితే వాడిది అబద్ధం కాదు, ముచ్చట. ముచ్చటని లెక్కలు కట్టి వెక్కిరించిన నాదే తప్పు. మర్నాడు పొద్దున వాడికి పెసరట్టులో ఉప్మా పెట్టిచ్చాను. మా ఇంట్లో క్షమాపణలు అలాగే చెప్పుకుంటాం.

కథ ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. పది రోజులకి గుంటూరులో మా మేనకోడలి గృహప్రవేశానికి రెండు కార్లలో వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు వాడి బండిలో వాళ్ళ నాన్న కూర్చున్నారు. నేను తమ్ముడి కారులో, ఒళ్ళో బొబ్బట్ల డబ్బా పెట్టుకుని వెనక వస్తున్నాను. మసక చీకటి పడుతోంది. మంగళగిరి దగ్గరికొచ్చేసరికి రెండు కార్ల మధ్యలోకి ఇంకో తెల్లకారు దూరింది. ముందెక్కడో లారీ నెమ్మదించింది కాబోలు, మావాడు బ్రేకు వేశాడు. తెల్లకారతనూ గట్టిగా వేశాడు. మా తమ్ముడు అంతకంటే గట్టిగా తొక్కాడు. బొబ్బట్ల డబ్బా నా ఒళ్ళోంచి ఎగిరి ముందుసీటు కింద పడింది. తెల్లకారుకి బెత్తెడు దూరంలో ఆగాం.

ఎవరికీ ఏమీ కాలేదు. కాని మా తమ్ముడి చేతులు వణకడం చూశాను. "మనవాడి పైదీపం కనబడలేదక్కా" అన్నాడు.

పైదీపం ఏమిటన్నాను. కారుకి వెనక కింద రెండు ఎర్రదీపాలు ఉంటాయి కదా, అవికాక అద్దం దగ్గర ఎత్తుగా మూడోది ఒకటి ఉంటుందట. కింది రెండూ వెంటనే వెనకున్న కారు చాటున పడిపోతాయి. పైది మాత్రం ఆ కారు అద్దాల్లోంచి, దాని వెనకవాడికి కూడా కనిపిస్తుంది. రెండు బళ్ళ ముందు బ్రేకు పడిందని ముందే తెలుస్తుంది. అమెరికాలో 1986 మోడలు కార్లనుంచి దాన్ని తప్పనిసరి చేశారట. ఆ ఒక్క క్షణం చాలు, కాలు బ్రేకు మీదికి పోవడానికి.

ఇంటికొచ్చి దిగగానే మావాడిని బ్రేకు తొక్కమని, నేను వెనక నుంచున్నాను. కింది రెండూ ఎర్రగా వెలిగాయి. పైది? స్పాయిలర్ సరిగ్గా దాని మీదే కూర్చుంది. పక్కకి వంగి చూస్తే చాటునుంచి ఎర్రటి గీత సన్నగా కనిపించింది, దుప్పటి కప్పిన దీపంలా.

వాడి మొహం పాలిపోయింది. "రేపే పీకించేస్తానమ్మా" అన్నాడు.

పది రోజుల క్రితమైతే, నేను చెప్పలేదూ అని ఎగిరేదాన్నే. కాని ఈసారి అన్నాను: "నీ ముచ్చట నీది నాన్నా, అది మానుకోమనను. కాని ఆ దీపం నీది కాదు. నీ బండికి బిగించారే గాని, అది వెనకొచ్చే వాళ్ళది. దాన్ని కప్పే హక్కు నీకు లేదు."

అంటూండగానే నాకు అర్థమైంది, ఆ రాత్రి నా వాదనలో చిన్న లోపం ఉందని. ఎవరైనా నష్టపోయారా అని అడిగాను, నిజమే. కాని కళ్ళకి కనిపించే వాళ్ళనే లెక్క వేసుకున్నాను. మన అలంకారం వల్ల నష్టపోయేవాళ్ళు మనకి కనబడరు. వాళ్ళు ఎప్పుడూ మన వెనకే ఉంటారు. వాళ్ళు అరిచి చెప్పరు కూడాను.

మరుసటి ఆదివారం మళ్ళీ ఆటోనగర్. అదే మోడల్లో ఖరీదైన రకానికి కంపెనీవాళ్ళే పెట్టే స్పాయిలర్ ఉందట. ఎర్రదీపం అందులోనే అమర్చి ఉంటుంది. పాతదానికి సగం ధర కూడా రాలేదు, కొత్తదానికి రెట్టింపయింది. మరల కోసం తలుపుకి కొట్టించిన రెండు కన్నాలకి తుప్పు పట్టకుండా, నీళ్ళు దిగకుండా మందు పెట్టించి మూయించాడు. సాయంత్రం బ్రేకు తొక్కి నన్ను వెనక నిలబెట్టాడు. మూడూ వెలిగాయి. పిన్నిగారు గోడమీంచి చూసి, "బాగుందోయ్, హారతిచ్చినట్టుంది" అంది.

హారతి సంగతేమో గాని, నేను ఇంట్లోకొచ్చి లైటు వేసుకున్నాను. సాయంత్రం అయిదింటికే మా హాల్లో లైటు వేసుకోవాలి. ఎందుకంటే వీధివైపు కిటికీకి అడ్డంగా నా షోకేసు ఉంది. 2006లో మావారికి ప్రమోషన్ వచ్చినప్పుడు చేయించుకున్నాను, టేకుది. అందులో కొండపల్లి దశావతారాలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు, ఇప్పటిదాకా ఎవరూ తాగని ఆరు గాజు కప్పులు. వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటారు. అది ఎవరికీ అడ్డం కాదనే ఇన్నాళ్ళూ నేను అనుకున్నాను.

ఆ కిటికీ దగ్గర మా అత్తయ్యగారి పడక్కుర్చీ ఉండేది. షోకేసు వచ్చిన రోజున కుర్చీని నడవలోకి జరిపాం. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనరు. ఇప్పుడు ఎనభై ఆరేళ్ళు, గుమ్మం దాటడమే కష్టం. మా పెళ్ళయిన కొత్తలో ఆ కిటికీలోంచే వీధిలో ఎవరు వెళ్తున్నారో, ఎవరింటికి చుట్టాలొచ్చారో వంటింట్లో ఉన్న నాకు వార్తల్లా చెబుతూండేవారు. ఆ వార్తలు ఎప్పుడు ఆగిపోయాయో నేను గమనించనే లేదు.

తండ్రీకొడుకులిద్దరినీ పిలిచి షోకేసుని ఎదుటి గోడకి జరిపించాను. బొమ్మలన్నీ తీసి మళ్ళీ సర్దేసరికి రాత్రయింది. మర్నాడు పొద్దున కుర్చీ కిటికీ దగ్గర వేసి, అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఎండ ఆవిడ ఒళ్ళో పడింది. కళ్ళు చికిలించుకుని వీధిలోకి చాలాసేపు చూశారు.

"అమ్మాయ్, ఎదురింట్లో వేపచెట్టుండాలే?" అన్నారు.

"కొట్టేశారండీ, ఇల్లు కట్టుకునేటప్పుడు."

"ఎప్పుడూ?"

పన్నెండేళ్ళయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాఫీ తెస్తానని వంటింట్లోకి వచ్చేశాను. డికాక్షన్ దిగుతూండగా హాల్లోంచి ఆవిడ గొంతు వినిపించింది. "అమ్మాయ్, ఎవరో కొత్త కోడలు కాబోలు, ఎదురింటి వాకిట్లో ముగ్గేస్తోంది. బాగా వేస్తోందే!"