పూజారి పంపిన యుద్ధం

బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతపు కాథలిక్ పూజారి, కవి సిరియల్ వెర్స్‌హావె నాజీ ఆక్రమణ కాలంలో సాంస్కృతిక మండలికి అధ్యక్షుడై, బోల్షివిజంపై పోరు పేరిట ఫ్లెమిష్ యువకులను జర్మన్ సైనిక దుస్తుల్లో తూర్పు రణరంగానికి వెళ్లమని ప్రోత్సహించాడు. చిత్తశుద్ధి ఉంటే పాపభారం తగ్గుతుందా? ఫ్రెంచ్ భాషాధిపత్యం కింద ఫ్లెమిష్ భాషకు జరిగిన అవమానం నిజమేనని ఆయన పక్షాన కొందరు వాదిస్తారు. నిజమే, కానీ గాయం నిజమైనంత మాత్రాన దానికి ఎంచుకున్న మందు ధర్మం కాదు. ఆ కాలంలో అందరూ అంతేనన్న సాకూ చెల్లదు: బెల్జియం కాథలిక్ చర్చి అధిపతి కార్డినల్ వాన్ రూయ్ 1937లోనే ఫాసిస్టు రెక్స్ పార్టీని ఖండించాడు. ఒకే మతం, ఒకే గ్రంథం, తీర్పులే వేరు.

పైగా తన ప్రాణం పణంగా పెట్టడం వేరు, దేవుడి పేరు చెప్పి పరుల బిడ్డలను పంపడం వేరు. ఆయన మాత్రం ఆస్ట్రియాకు పారిపోయాడు. 1946లో పరోక్షంలో మరణశిక్ష పడింది, 1949లో అక్కడే మరణించాడు.