తగ్గిన శ్రమ ఎక్కడికి పోతుంది?

పూలమడిలో కలుపు రాకుండా చూసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. తొలకరికి ముందు మడిలో ఉన్న గడ్డిని నేలకు సమంగా కోసెయ్యాలి, తవ్వకూడదు. టేపులూ పిన్నులూ తీసేసిన అట్టపెట్టెల్ని విప్పి, ఒకదాని అంచు ఇంకోదాని మీదకి జానెడు వచ్చేలా పరిచి, బాగా తడపాలి. ఆ పైన మూడు నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులు వెయ్యాలి. మొక్క మొదలు చుట్టూ రెండంగుళాలు ఖాళీ వదలాలి, లేకపోతే కాండం కుళ్లుతుంది. అట్టకు చెదలు పడతాయి కాబట్టి ఇంటి గోడకు ఆనుకున్న చోట మాత్రం ఉత్త ఆకులే వేసుకోవడం మంచిది. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న మా మడికి ఇదంతా ఒక ఆదివారం పొద్దుటి పని. ఆ తర్వాత వానాకాలమంతా వారానికి పది నిమిషాలు చూసుకుంటే చాలు.

ఇంత చిన్న పని మీద వ్యాసం దేనికంటే, "తక్కువ శ్రమ" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ మాటతో మనం రెండు వేర్వేరు సంగతులు చెబుతున్నాం. పని చేయాల్సిన అవసరమే తగ్గిపోవడం ఒకటి. పని అలాగే ఉండి, మన చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకో, ఇవాళ్టి నుంచి రేపటికో జరిగిపోవడం ఇంకొకటి. ఫోన్లో నొక్కితే కూరగాయలు గుమ్మంలోకి వచ్చే ఊళ్లో బతికేవాళ్లకు రెండోది కూడా మొదటిదానిలాగే కనిపిస్తుంది. కలుపు దగ్గర ఈ తేడా కొంచెం స్పష్టంగా తెలుస్తుంది.

కలుపు పని అసలు ఎలా పుడుతుందో ముందు చూడాలి. అమెరికాలోని మిచిగాన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1879లో 20 సీసాల్లో ఇసుక, కలుపు గింజలు కలిపి నింపి నేలలో పాతిపెట్టాడు. గింజలు మట్టిలో ఎన్నేళ్లు బతికి ఉంటాయో తెలుసుకోవాలని ఆయన కోరిక. కొన్నేళ్లకొకసారి ఒక సీసా తీసి చూస్తూ వస్తున్నారు. 2021లో తీసిన సీసాలో కూడా, 142 ఏళ్ల తర్వాత, కొన్ని గింజలు మొలిచాయి. మన మడి కింద కూడా అలాంటి నిల్వ ఒకటి ఉంటుంది. చాలా కలుపు గింజలకి మొలవడానికి వెలుతురు తగలాలి. పారతో తవ్విన ప్రతిసారీ కింద నిద్రపోతున్నవాటిని మనమే పైకి తెచ్చి ఎండ చూపిస్తున్నాం. నేలని నున్నగా, ఖాళీగా ఉంచాలన్న మన పట్టుదలే ఈ పనిలో సగాన్ని పుట్టిస్తోంది. ఆకులు కప్పితే ఆ సగం నిజంగానే ఉండదు. అది ఎవరి మీదకీ పోలేదు.

మిగతా దారుల్లో అలా కాదు. మన ఊళ్లలో కలుపు తీయడం ఆడవాళ్ల పని. దుక్కి మగవాళ్లు దున్నుతారు. నాట్లు, కలుపు ఆడవాళ్లు వంగి చేస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంచిన నడుం ఎత్తకుండా చేసే ఆ పనికి కూలి మగకూలి కంటే తక్కువే. పొలం ఉన్నవాళ్లకు ఇది ఏనాడూ శ్రమగా కనిపించలేదు, ఖర్చుగా కనిపించింది.

నడుం వంచడం అనేది పనిలోనే ఉన్న గుణం అనుకుంటాం. కాలిఫోర్నియా కూరగాయల తోటల్లోనూ అలాగే అనుకునేవాళ్లు. అక్కడ మెక్సికో నుంచి వచ్చిన కూలీలకు పొట్టి పిడి పారలు ఇచ్చేవారు. వాటితో పని చేయాలంటే రోజంతా వంగే ఉండాలి. పొడుగు పిడి అయితే మొక్కలు దెబ్బతింటాయని యజమానులు చెప్పేవారు. దూరం నుంచి చూసినా ఎవరు వంగి ఉన్నారో, ఎవరు నిలబడి నడుం సాగదీసుకుంటున్నారో మేస్త్రీకి తెలిసిపోయేది కూడా. 1975లో ఆ రాష్ట్రం పొట్టి పారను నిషేధించింది. పొడుగు పిడి పారలు వచ్చాయి, పంటలేమీ ఆగిపోలేదు. 2004లో చేత్తో కలుపు పీకించడం మీద కూడా ఆంక్షలు పెట్టారు, కానీ సేంద్రియ పొలాలకు మినహాయింపు ఇచ్చారు. మందు కొట్టని ఆకుకూర అంటే రెండింతలు పెట్టి కొనే నాలాంటివాళ్లం ఈ మినహాయింపు దగ్గర కాసేపు ఆగాలి. మన పళ్లెంలో ఏ విషం లేదో లేబుల్ మీద రాసి ఉంటుంది. దానికోసం ఎవరి నడుం ఎంతసేపు వంగిందో రాసి ఉండదు.

ఇంకో దారి గడ్డిమందు. మా వీధిలో ఒక పెద్దాయన నన్ను చూసి జాలిపడి, "ఎందుకు బాబూ ఈ తంటా? ఒక్కసారి మందు కొట్టించు, ఎండిపోతుంది" అన్నారు. ఎండిపోతుంది, నిజమే. ఎక్కువగా వాడే గ్లైఫోసేట్ ఆకుల్లోంచి వేరు దాకా దిగి మొక్కను చంపుతుంది. కానీ మట్టిలో ఉన్న గింజల్ని ఏమీ చెయ్యదు. వానపడితే మళ్లీ మొలుస్తాయి, మళ్లీ కొట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో దీన్ని బహుశా క్యాన్సర్ కలిగించేదిగా వర్గీకరించింది. అమెరికా పర్యావరణ సంస్థ అందుకు ఒప్పుకోలేదు. ఆ వాదం తేలేలోపు మాత్రం, వీపున డబ్బా కట్టుకుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని పిచికారీ చేసే మనిషి మీదే ఆ అనుమానం భారమంతా పడుతోంది. ఇక్కడ శ్రమ తగ్గలేదు, ప్రమాదంగా మారి ఇంకొకరి ఒంటి మీదకు చేరింది.

ఇక్కడిదాకా లెక్క సుళువుగానే ఉంది. అవసరాన్ని తగ్గించే సుఖం మంచిది, పనిని ఇంకొకరి మీదకు తోసే సుఖం చెడ్డది. నేనూ చాలాకాలం అలాగే అనుకుంటూ వచ్చాను. మా ఊళ్లో కలుపుకు పోయే ఒక పెద్దమ్మతో మాట్లాడాక అది అంత సుళువుగా తెగదని తెలిసింది. ఊళ్లో పత్తి చేలకు మందు కొట్టడం మొదలయ్యాక, "ఇప్పుడు నడుం నొప్పి తగ్గిందా పెద్దమ్మా?" అని అడిగాను.

"నడుమైతే మంచిగనే ఉన్నది బిడ్డా. గా నెల కూలే లేకపాయె" అంది.

ఆ కలుపు నెల కూలి ఆమె చేతికి నేరుగా వచ్చే డబ్బు. మొగుణ్ని అడగకుండా ఖర్చు పెట్టుకోగలిగే డబ్బు. పత్తి చేలో మందుకు బదులు నేను చెప్పినట్టు గడ్డి పరిచినా ఆమెకు జరిగేది అదే. నేల బాగుంటుంది, నీళ్లు మిగులుతాయి, ఆమె కూలి పోతుంది. పని నిజంగా మాయమైనా సరే, ఆ పని మీద బతికే మనిషి మాయం కాదు. నా లెక్కలో ఈ మనిషి లేదు.

అలాగని ఆమె కూలి కోసం ఆమె నడుం వంగే ఉండాలని నేను అనలేను. నీడలో కూర్చుని ఇంకొకరి కష్టానికి గౌరవం, సంప్రదాయం అని పేర్లు పెట్టడం నాకు సిగ్గుగా ఉంటుంది. కాలిఫోర్నియా పార నుంచి నాకు అర్థమైంది ఏమిటంటే, పనిని తేలిక చేస్తూ మనిషిని ఆ పనిలో ఉంచడం సాధ్యమే. అక్కడ కూలీలు పోలేదు, పిడి పొడుగైంది. మన దగ్గర మందు వచ్చినప్పుడు కలుపు ఖర్చులో మిగిలిన డబ్బు రైతుకూ మందుల షాపుకూ మధ్య పంచుకోబడింది. నలభై ఏళ్లు వంగిన నడుంకి అందులో వాటా ఉండాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. తప్పు సుఖంలో లేదు, సుఖం వల్ల మిగిలినదాన్ని పంచడంలో ఉంది.

పోయింది కూలి ఒక్కటే కూడా కాదు. కలుపుకు పోయిన రోజున పెద్దమ్మ ఒడి నిండా ఆకు తెచ్చేది. గంగవాయిలి, తుమ్మి, చెంచలి, లేత గునుగు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు ఇలాంటివాటిని కలుపు అనరు, విత్తకుండా వచ్చిన పంట అంటారు. జొన్న చేలో పీకి పారేసే గునుగే ఆశ్వయుజంలో బతుకమ్మ ఎక్కుతుంది. మడిలో విసిగించే గరిక వినాయకుడికి ఇష్టమైనది. ఏది ఉంచాలో, ఏది తీయాలో చేత్తో తీసేవాళ్లకే తెలుస్తుంది. మందుకి ఆ తేడా తెలియదు. నిజం చెప్పాలంటే నా అట్టకీ తెలియదు.

జపాన్ రైతు ఫుకుఓకా పేరు చెప్పి "ఏమీ చేయని వ్యవసాయం" అంటూ ఉంటారు. ఆయన మొదట్లో తండ్రి నారింజ తోటను కత్తిరింపులు మానేసి ఊరికే వదిలేస్తే కొమ్మలు చిక్కుపడి, పురుగు పట్టి చెట్లు చచ్చిపోయాయి. వదిలేయడం వేరు, శ్రమ తగ్గించడం వేరు అని ఆయనకి అక్కడ తెలిసింది. తర్వాత ఆయన వరిగడ్డి పరిచి, తెల్ల క్లోవర్ చల్లి కలుపును అదుపులో పెట్టింది ఏళ్ల తరబడి నేలను గమనించాక. చేతుల పని తగ్గిన కొద్దీ కళ్ల పని పెరుగుతుంది.

అందుకే వారానికి ఆ పది నిమిషాలు నేను ఎవరికీ అప్పజెప్పను. అట్టని చీల్చుకుని తుంగ ఎలాగూ వస్తుంది. నేల కింద దానికి దుంపలు ఉంటాయి, ఏ దుప్పటీ దాన్ని పూర్తిగా ఆపలేదు. మొలక కనిపించగానే లాగేస్తూ పోతే దుంప నీరసిస్తుంది. మడి అంచున ఆకులు పలచబడిన చోట గంగవాయిలి వస్తే పప్పులోకి పోతుంది.

మడికి కప్పే ఆకుల సంగతి కూడా ఒకటుంది. వరిగడ్డి కొనొచ్చు, కానీ అది పశువుల మేత. అందుకని మా వీధి ఊడ్చే అమ్మ కుప్ప చేసిన ఎండుటాకుల్ని నాలుగు గోనెసంచుల్లో తెచ్చుకుంటాను. లేకపోతే ఆమె వాటిని చెత్తబండి దాకా ఈడ్చాలి, లేదా ఎవరో ఒకరు అంటించి పొగబెడతారు. ఇక్కడ ఆమె జీతం ఏమీ తగ్గలేదు, మోయాల్సిన సంచులు తగ్గాయి. పత్తి చేల లెక్క ఇంత తేలిగ్గా సరిపోదని నాకు తెలుసు. అక్కడ మిగిలిన డబ్బులోంచి పెద్దమ్మకి ఎంత రావాలన్నది ఊళ్లో ఎవరూ ఇంకా అడగలేదు. ఈసారి వెళ్లినప్పుడు, పొలం ఉన్న మా చిన్నాన్నని ముందు నేనే అడగాలి.