ప్రదర్శనశాల: స్వదేశి యెవరు, పరదేశి యెవరు?

వస్తుప్రదర్శనములు వినోదార్థమే యేర్పడినవని తలంపరాదు. వస్తువునకు దేశనామముగల చీటిని తగిలించినప్పుడు దానిని చేసిన మనుష్యునకును ఆ చీటియే తగులుచున్నది. ఇది ధర్మమా యని చదువరులు విచారింపవలెనని మా ప్రార్థన.

1851వ సంవత్సరమున లండను మహాప్రదర్శనమునకు మన ఓరుగంటి తివాచీలు పోయినవి. అచ్చట నవి హిందూదేశపు సరకుగా నిలిచినవేగాని నేసినవాని పేరు లోకమునకు దెలియలేదు. 1886లో ఆ నగరమందే జరిగిన వలసరాజ్యముల ప్రదర్శనమున మనుష్యులనే నిలిపిరి. ఆగ్రా చెరసాలలో పని నేర్చినవారిని గొనిపోయి, తరతరముల వృత్తిగల పల్లెపనివారని చూపిరి. చీటి యసత్యమాడినది.

ఇది పరుల దోషమేయని మనము సంతసింపరాదు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు హైదరాబాదున నారంభించిన నుమాయిష్ తొలిపేరులోనే ‘ముల్కీ’ యను పదము గలదు. స్వదేశపు చేతిపనికి గౌరవము గలిగింపవలెనను సంకల్పము మంచిదే. 1949లో దానికి అఖిలభారత పారిశ్రామిక ప్రదర్శనమను పేరు వచ్చెను. నిన్న నిజాము రాజ్యపు వస్తువు నేడు భారతదేశపు వస్తువయ్యెను. నూలు మారలేదు, నేత మారలేదు. అయినను 1952లో ‘గైర్ ముల్కీ’ యను మాట వీథులలో నినాదమై, పోలీసు కాల్పులలో ప్రాణములు పోయెను. స్థానికులకు ఉద్యోగములు దక్కవలెననుట న్యాయమైన కోరికయే. కాని హక్కు నడుగుట వేఱు, పుట్టుకనుబట్టి మనుష్యుని నీచముగా నెంచుట వేఱు.

భేదములు లేకున్న స్వదేశాభిమానమెట్లు నిలుచునని కొందఱందురు. చేవెళ్ల ప్రాంతమందలి కొండకల్ గ్రామమున 2023లో మేధా సంస్థవారి రైలుపెట్టెల కర్మాగారము ప్రారంభమైనది. ఇనుపదారిపై బండి నడుపు విద్య ఇంగ్లండున పెరిగినది. నేడది మన కార్మికుని చేతివిద్య. దానిని పరదేశపు విద్యయని త్రోసివేయుదుమా? నేర్చినవానిదే విద్య గదా! పనితనమును ప్రేమించుట స్వదేశాభిమానము. కంచె వేయుట కాదు.

రామమోహనరాయలవారు 1831లో ఫ్రాన్సుదేశమునకు బోవ ననుమతిపత్రము కావలసివచ్చినప్పుడు, ఆ దేశపు మంత్రికి వ్రాయుచు మానవజాతి యెల్ల నొక్క కుటుంబమని వాదించిరి. ఏకేశ్వరుని నమ్మిన మనకు వేఱు సిద్ధాంతమెట్లు పొసగును? కావున నాంపల్లి ప్రదర్శనమునకు బిడ్డలను గొనిపోవునప్పుడు, ‘ఇది ఏ దేశపుది?’ యని మాత్రమే గాక, ‘దీనిని చేసినవారెవరు?’ అని యడుగ నేర్పుదము. ఆ ప్రశ్నతో పరదేశి మనుష్యుడగును.